మామునూరు మైదానమునకు ఒక దశబంధము

వరంగల్లు నుండి ఖమ్మమునకు పోవు రహదారిమీద, నగరపు ఇండ్లవరుసలు పలుచబడి చెలకలు మొదలగుచోట, మామునూరు అను ఊరు కలదు. ఆ ఊరిచెంత, పొలముల నడుమ, ఒక పొడవైన చదును నేల నాలుగు దశాబ్దములకు పైగా పనిలేక పడియున్నది. ఆ దారిన పోవు బస్సులో కిటికీప్రక్కన కూర్చున్న పిల్లవాడు అది ఏమని యడిగినపుడు, తోడివచ్చిన ముసలమ్మ "అది గాలిమోటారు దిగే జాగ బిడ్డా" అని బదులుచెప్పుట నేను చెవులార వింటిని. గాలిమోటారు అనునది మా ప్రాంతపు పల్లెలవారు విమానమునకు పెట్టుకొన్న పేరు. ఆమె "దిగిన జాగ" అనలేదు, "దిగే జాగ" అన్నది. 1981 తరువాత అచ్చట ప్రయాణికుల విమానము క్రమముగా దిగినది లేదు. అయినను ప్రజల వాక్కులో ఆ క్రియ ఇంకను భూతకాలములోనికి జారిపోలేదు. ఆ ముసలమ్మ వాడిన క్రియాపదమే ఈ వ్యాసమునకు ప్రేరణ.

మామునూరు విమానాశ్రయము 1930 ప్రాంతమున, హైదరాబాదు సంస్థానమును మీర్ ఉస్మాన్ అలీఖాను పాలించుచుండిన కాలమున ఏర్పడినది. దానికై 1,875 ఎకరముల నేల కేటాయింపబడినది. ఆ కాలమున దేశమంతటిలోను అంతకంటె విశాలమైన విమానాశ్రయము లేదని వరంగల్లువారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. ఆ మాట ఎట్లున్నను, విమానమనగా ఆకసమువంక చేయిచాచి చూపెడి వింతగా ఉన్న దినములలో, రాజధానికి దూరముగానున్న ఒక జిల్లా కేంద్రమున అంత నేలను గాలిప్రయాణమునకై ప్రత్యేకించుట సామాన్యమైన ముందుచూపు కాదు. మన దేశమున టాటాల తపాలా విమానము కరాచీనుండి బయలుదేరి, బొంబాయి మీదుగా, బళ్లారిలో ఆగి, మద్రాసు చేరినది 1932 అక్టోబరులో. నైజాము రైల్వేవారు సంస్థానములో 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించినదియు ఆ 1932లోనే. అనగా, ప్రభుత్వపు బస్సు ఊరూరికి రాకమునుపే వరంగల్లునకు విమానపు బాట పడినది.

ఆ బాట ఎందులకు పడినదో గ్రహించినచో దాని చరిత్ర మరింత స్పష్టమగును. తెలుగునేలమీద మరికొన్ని పాత విమానక్షేత్రములు యుద్ధము కన్న బిడ్డలు: కృష్ణాజిల్లా గన్నవరమును, ప్రకాశముజిల్లా దొనకొండయు రెండవ ప్రపంచ సంగ్రామపు అవసరములలో రూపుదాల్చినవి. మామునూరు అట్టిది కాదు. అది వర్తకము కొరకును, పరిశ్రమ కొరకును పుట్టినది. వరంగల్లులో 1934లో వెలసిన ఆజంజాహీ బట్టల మిల్లు, ఉత్తరమున సిర్పూరు కాగితపు మిల్లు, వాని పెట్టుబడిదారులు, యంత్రనిపుణులు, అధికారులు, వీరి రాకపోకలకు ఆ మైదానము ఉద్దేశింపబడినది. పత్తి పండు నేలమీద మిల్లు నిలిపి, మిల్లునకు రైలును, రైలునకు తోడుగా విమానమును సమకూర్చవలెనన్న ఆలోచనలో ఒక క్రమము కలదు. ఒక చిన్న నగరము తన కాళ్లపై తాను నిలువవలెనన్న నాటి పారిశ్రామికసంకల్పమునకు మామునూరు ఒక చిహ్నము.

అయితే ఈ చరిత్రకు మరియొక ముఖము కలదు; దానిని దాచుట సత్యమునకు ద్రోహమగును. మామునూరు రూపొందిన ఆ 1930వ సంవత్సరముననే జోగిపేటలో, సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన, నైజాము రాష్ట్ర ఆంధ్రమహాసభ తొలి సమావేశము జరిగినది. వెట్టిచాకిరి, తల్లిభాషలో చదువు లేమి, పల్లెజనుల దైన్యము, ఇవి ఆ ఉద్యమము చేపట్టిన సమస్యలు. ఒకవైపు గగనయానమునకు నేల చదును చేయబడుచుండగా, మరియొకవైపు ఆ నేలనే నమ్ముకొన్నవాడు దొరగారి గడిలో కూలిలేని చాకిరి చేయుచుండెను. నాటి మామునూరు ప్రభువులకును, వారి అతిథులకును, మిల్లుల యజమానులకును చెందినది; ప్రజలకు కాదు. ప్రజావిమానాశ్రయమను భావము తరువాతి కాలమున, రాజ్యము ప్రజలదైన పిదప, మనము దానిపై నిలుపుకొన్న అర్థము. అందుచేత నేడు దానిని పునరుద్ధరింపవలెనని కోరువారము గడచిన వైభవమును తిరిగి తెచ్చుటకు మాత్రమే పూనుకొనరాదు. నాడు లేని న్యాయమును దానికి జోడించుటయే మన పని.

సంస్థానప్రభుత్వమును టాటాలును కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను స్థాపించిరి. స్వాతంత్ర్యానంతరము, 1953లో, దేశములోని విమానసంస్థలు జాతీయము చేయబడినపుడు అది మరి కొన్నిటితో కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది. ప్రజాధనముతో నడచు సంస్థ ప్రజలందరికి చేరువ కావలెనని ఆశించుట సహజమే. కాని విమానములు పెద్దవగుచు పోయినకొలది అవి పెద్ద నగరములనే ఆశ్రయించినవి, చిన్న మైదానములు వెనుకబడినవి. చిన్న పట్టణములకు చిన్న విమానములు నడపుటకై వాయుదూత్ అను సంస్థ 1981లో పుట్టినది. ఆ సంవత్సరముతోనే మామునూరు వినియోగము ముగిసినదని చరిత్ర చెప్పుట విధివైపరీత్యము వలె తోచును. ఆ వాయుదూత్ సైతము నష్టముల భారమును మోయలేక 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. ఈ పరంపరలో మనకొక పాఠము కలదు. దానిని ముందు చెప్పెదను.

మామునూరు ఎందుచేత మూగవోయినదని యోచించినచో, ఒక్క కారణమును వ్రేలుపెట్టి చూపుట కష్టము. కాజీపేట జంక్షను ద్వారా రైళ్లు పెరిగినవి. హైదరాబాదు రోడ్డు బాగుపడినది. 145 కిలోమీటర్ల దూరమునకు విమానమెక్కువాడు అరుదైనాడు. ఏ మిల్లు కొరకు ఆ బాట పడినదో ఆ ఆజంజాహీ మిల్లు క్షీణించి క్షీణించి ఈ శతాబ్ది ఆరంభమున మూతపడినది. వేలమందికి అన్నము పెట్టిన ఆ మిల్లు సైరను ఆగిపోయిన దుఃఖము వరంగల్లు వాడవాడలో నేటికిని పచ్చిగానే యున్నది. కాని వీనన్నిటికంటె నన్ను ఎక్కువగా కలచివేయునది వేరొకటి: మామునూరును మూసివేయవలెనని ప్రజలముందు చర్చించి ఎవ్వరును నిర్ణయింపలేదు. విమానము రాక తగ్గినది; తరువాత రానేలేదు. 1,875 ఎకరములలో విమానాశ్రయమునకు మిగిలినది సుమారు 700 ఎకరములు. తక్కిన నేల క్రమక్రమముగా ఇతర వినియోగములలో కలిసిపోయినది. ప్రజల ఆస్తి నశించునపుడు పిడుగు పడినట్లు ఒక్కనాడు నశింపదు. చెరువులో పూడిక చేరినట్లు, ఏ ఒక్కనాడును ఎవ్వరికిని నేరము తోచనంత మెల్లగా నశించును.

తరువాతి అధ్యాయము ఒప్పందములది. శంషాబాదులో నూతన విమానాశ్రయనిర్మాణమునకై 2004లో కుదిరిన ఒడంబడికలో, ఆ విమానాశ్రయము తెరచిన నాటినుండి 25 సంవత్సరములవరకు 150 కిలోమీటర్ల లోపల పోటీగా మరియొక విమానాశ్రయము రాకుండ రక్షణ కల్పింపబడినది. శంషాబాదు 2008 మార్చిలో తెరువబడినది. అంత పెట్టుబడి పెట్టు సంస్థ తన లాభమునకు హామీ కోరుట వ్యాపారధర్మమే, దానిని తప్పుపట్టను. ఆ హామీ నిచ్చిన ప్రభుత్వము, 150 కిలోమీటర్ల వృత్తమును పటముమీద గీసినపుడు, ఆ వృత్తములో ఏయే ఊళ్లు చిక్కుకొనుచున్నవో, వాని భవిష్యత్తు ఏమగునో ఆ ఊళ్లవారితో ఒక్కమాట చర్చింపవలసియుండెను గదా! వృత్తలేఖిని ముల్లు శంషాబాదులో నిలిచినది. దాని గీత వరంగల్లు ఆశమీదుగా పోయినది. ఇట్టి నియమమునకు సడలింపు అసాధ్యము కాదని 2020 ఫిబ్రవరిలో ఆ వృత్తములోనిదే యైన బీదరునుండి పౌరవిమానము లేచినపుడు తేలినది. ఐనను మామునూరు మరి అయిదేండ్లు వేచియుండవలసివచ్చెను. శంషాబాదు విమానాశ్రయ నిర్వాహకసంస్థ తన అంగీకారమును తెలుపగా, కేంద్ర పౌరవిమానయానశాఖ 2025 ఫిబ్రవరి చివర మామునూరు అభివృద్ధికి అనుమతి నిచ్చినది. అంతకుముందే, 2024 నవంబరులో, భూసేకరణకై రాష్ట్రప్రభుత్వము 205 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ఈ రెండు నిర్ణయములును హర్షింపదగినవి. వానిని సాధించుటకు పార్టీల భేదము లేక కృషిచేసిన వారందరు అభినందనీయులు.

ఇచ్చట ఒక ఆక్షేపణను ఎదుర్కొనవలసియున్నది. హైదరాబాదునకు ఇంత దగ్గరగానున్న నగరమునకు విమానాశ్రయ మేలయని కొందరు పెద్దలు ప్రశ్నించుచున్నారు. ఆ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. వరంగల్లునుండి హైదరాబాదునకే విమానము నడిపినచో, రెండుగంటలలో సికింద్రాబాదు చేర్చు రైలుతో అది పోటీపడజాలదు. అట్టి విమానము మొదటి సంవత్సరముననే ఖాళీగా ఎగురును. కాని వరంగల్లు విమానాశ్రయపు ప్రయోజనము హైదరాబాదును చేరుటలో లేదు, హైదరాబాదు మీదుగా పోనక్కరలేకుండ ఢిల్లీకి, ముంబయికి, బెంగుళూరునకు, తిరుపతికి నేరుగా చేరుటలో కలదు. నేడు వరంగల్లువాడు ఢిల్లీకి పోవలెనన్న ముందు నాలుగుగంటలు ఎదురుదిక్కున ప్రయాణించి, మహానగరపు రద్దీని దాటి, శంషాబాదు చేరవలెను. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు జిల్లాలవారికి ఆ ప్రయాణము ఇంకను దీర్ఘము. గగనమున గడపునది రెండుగంటలు, నేలమీద గడపునది ఒక పూట. ఈ భేదమును తొలగించుటయే మామునూరు చేయవలసిన పని.

ఆ పని చేయించుకొనుటకు వరంగల్లునకు యోగ్యత లేకపోలేదు. దేశములోని తొలి ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు 1959లో నెహ్రూ ఇచ్చటనే శంకుస్థాపన చేసెను. నేడది జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా దేశపు నలుమూలలనుండి విద్యార్థులను రప్పించుచున్నది. ఆ 1959లోనే కాకతీయ వైద్యకళాశాలయు, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమును వెలసినవి. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రామప్పగుడి 2021లో ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తింపబడినది. దానిని చూడవచ్చు పరదేశి నేడు హైదరాబాదులో దిగి, గుడివద్ద ఒక గంట గడపి, ఆ సాయంకాలమే మరలిపోవుచున్నాడు. వరంగల్లు హోటలులో ఒక రాత్రియైన నిలుచుట లేదు. గీసుకొండ, సంగెము ప్రాంతమున కాకతీయ వస్త్రపార్కునకు 2017లో శంకుస్థాపన జరిగినది. ఎనుమాముల మార్కెట్టునకు వచ్చు మిరపబస్తాలకు విమానము అక్కరలేదు, లారీ చాలును. ఆ బస్తాల ధరను నిర్ణయించుటకు దూరదేశములనుండి వచ్చు కొనుగోలుదారునకు మాత్రము విమానము కావలెను. వీరందరికంటె ముందుగా నేను తలచునది, అమెరికాలోనో గల్ఫులోనో ఉద్యోగము చేయుచు, తల్లికి ప్రాణముమీదికి వచ్చినదన్న కబురు విని బయలుదేరిన కొడుకును. అతని ప్రయాణములో చివరి నాలుగుగంటలు ఎంత దీర్ఘములో అనుభవించినవానికే తెలియును.

ఇంతవరకు వరంగల్లువారిలో భేదాభిప్రాయము ఉండదు. ఇకమీద చెప్పునది కొంత చేదుగా నుండవచ్చును. విమానాశ్రయము కట్టుట కష్టము కాదు. కట్టిన పిదప దానిలో విమానము నిలుపుట కష్టము. చిన్న పట్టణములకు గగనయానమును అందింపదలచి కేంద్రప్రభుత్వము 2016లో ఉడాన్ పథకమును ప్రవేశపెట్టినది. గంటసేపటి ప్రయాణమునకు 2,500 రూపాయలకు మించని ధరకు కొన్ని సీట్లు కేటాయించుట, ఆ నష్టమును మూడు సంవత్సరములపాటు ప్రభుత్వములు భరించుట దాని మూలసూత్రము. 2017 ఏప్రిల్ 27న ఆ పథకము క్రింద తొలి విమానములు లేచినపుడు సిమ్లా–ఢిల్లీ మార్గముతోపాటు కడప–హైదరాబాదు మార్గమునకు కూడ ఆ గౌరవము దక్కినది. 2021 మార్చిలో కర్నూలుచెంత ఓర్వకల్లులో మరియొక విమానాశ్రయము వెలసినది. ఇవి సంతోషపు వార్తలే. కాని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2023లో ఈ పథకముపై సమర్పించిన నివేదికలోని అంకెలు చూచినవారికి నిద్ర పట్టదు. మూడు విడతలలో కేటాయించిన 774 మార్గములలో ప్రారంభమైనవి 371 మాత్రమే. వానిలో మూడేండ్ల రాయితీకాలమును పూర్తిచేసినవి 112. రాయితీ ముగిసిన పిదప సైతము, 2023 మార్చి నాటికి నిలిచియున్నవి 54. అనగా, నూరు దీపములు వెలిగించుటకు పూనుకొని, నూనె అయిపోవునప్పటికి ఏడు దీపములతో మిగిలినాము.

ఈ అంకెలను చూపి, చిన్న విమానాశ్రయములే వలదని వాదించువారితో నేను ఏకీభవింపను. అవి చెప్పునది వేరు. నూనె పోయువాడెవడో ముందుగా నిర్ణయింపని దీపము ఆరిపోవునని మాత్రమే అవి చెప్పుచున్నవి. వాయుదూత్ చెప్పిన పాఠమును అదియే. మామునూరు మొదటి జీవితము చెప్పినదియు అదియే.

ఈ పాఠమును నేర్చుటకు వరంగల్లువారు పరదేశములకు పోనక్కరలేదు. మన కాకతీయులే దానిని ఏడెనిమిదివందల యేండ్లక్రిందట నేర్పిపోయిరి. వారు పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు త్రవ్వించిరని మనము బడిలో చదివినాము. కాని వారి ఘనత త్రవ్వించుటలోనే లేదు. చెరువు త్రవ్వినవానికి, దానిని కాపాడువానికి, ఆ చెరువుక్రింద సాగగు భూమిలో పదియవవంతును మాన్యముగా ఇచ్చు ఏర్పాటు ఒకటి వారి శాసనములలో కనబడును; దానినే దశబంధమందురు. కట్ట తెగినచో మట్టి పోయువాడు, తూము చెడినచో బాగుచేయువాడు, పూడిక చేరినచో తీయువాడు ఎవ్వడో, వాని బ్రతుకుతెరువు దేనినుండి వచ్చునో, చెరువుతోపాటే నిర్ణయమైయుండెను. చెరువువలన లాభము పొందిన నేలయే చెరువును పోషించినది. రాజులు పోయిరి, రాజ్యము కూలినది, కోట శిథిలమైనది. ఆ చెరువులు మాత్రము నేటికిని వరికి నీరిచ్చుచున్నవి. కోటకు దశబంధము లేదు, చెరువునకు ఉండెను.

మామునూరునకు నేను కోరునది అట్టి దశబంధమునే. నూతన విమానాశ్రయమువలన చుట్టుపట్టుల భూముల విలువ పెరుగును, హోటళ్లు వెలయును, వ్యాపారము విస్తరించును. ఆ లాభములో ఒక భాగము, ఏ ఒక్క ప్రభుత్వపు దయమీదను ఆధారపడక, చట్టబద్ధముగా ఒక నిధిలో చేరవలెను. రాయితీ మూడేండ్లు గడచిన తరువాత నాలుగవ యేట, అయిదవ యేట, విమానములలో కొన్ని సీట్లు నిండక నష్టము వచ్చినపుడు ఆ నిధి ఆదుకొనవలెను. విమానము ఏ దిక్కునకు, ఏ వేళకు నడుపవలెనో జిల్లాల వర్తకులు, విద్యాసంస్థలు, వైద్యులు, పర్యాటకశాఖ కలిసికూర్చుండి ముందుగా తేల్చుకొనవలెను. కాజీపేట స్టేషనునుండి, హనుమకొండ చౌరస్తానుండి, ములుగు బస్టాండునుండి విమానవేళలకు సరిపడునట్లు ఆర్టీసీ బస్సు నడువవలెను; ఆటోకు అయిదువందలు చెల్లించిననే గాని చేరలేని విమానాశ్రయము ప్రజావిమానాశ్రయము కాజాలదు. ఉన్న రన్‌వే సుమారు 1,800 మీటర్లు. పెద్ద విమానములు దిగుటకు దానిని 2,800 మీటర్లకు పెంచదలచినారు. ఆ పెంపు జరుగువరకు చేతులు ముడిచి కూర్చుండక, బస్సులు, మార్గములు, నిధి, వీని గూర్చిన నిర్ణయములను ఇప్పుడే చేసికొనవచ్చును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, భూమి. ఉన్న సుమారు 700 ఎకరములు చాలక, మరి 250 ఎకరములకు పైగా సేకరింపవలసివచ్చినది. ఆ నేల నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడిపల్లి గ్రామముల రైతులది. ఒకనాడు 1,875 ఎకరములుండిన విమానాశ్రయమునకు నేడు 250 ఎకరములు కరువైనవి! వేయి ఎకరములకు పైబడిన ప్రజల నేలను ముందుచూపు లేక ఇతర వినియోగములకు పోనిచ్చినది ప్రభుత్వములు. ఆ పొరపాటునకు వెల చెల్లించుచున్నది ఎకరమో, రెండెకరములో, కొన్ని గుంటలో కలిగిన రైతు. ఈ మాటను రైతులను రెచ్చగొట్టుటకు వ్రాయుటలేదు. ఆ ఋణమును మనమందరము మనసున నుంచుకొనవలెనని వ్రాయుచున్నాను. రైతు ధరను గూర్చి పట్టుబట్టినపుడు అతడు అభివృద్ధికి అడ్డుతగులుచున్నాడని నిందించుట నగరవాసికి తగదు. తన యిల్లు అమ్మునపుడు ఏ నగరవాసి బేరమాడక అమ్మినాడు? 2013 నాటి భూసేకరణచట్టము మార్కెట్టు విలువపై నూటికి నూరుపాళ్లు అదనముగా ఈయవలెనని శాసించినది. ఆ అక్షరమునకే కాక, దాని ఆత్మకును విధేయులమై, నేల స్వాధీనము చేసికొనకముందే పూర్తిసొమ్ము రైతు చేతిలో పడవలెను. భూమికి భూమి కోరినవానికి దగ్గరలో భూమి చూపవలెను. రన్‌వే అడ్డుపడి ఊరిదారి మూసుకొనిపోయినచో వేరుదారి ముందు వేసి తరువాత పాతదారిని మూయవలెను. ఆ మూడు గ్రామముల పిల్లలకు విమానాశ్రయపు ఉద్యోగములలో మొదటిపీట వేయవలెను. 1930లో నేల చదునుచేసిన కూలివాని పేరు ఏ ఫలకముమీదను లేదు. ఈ మారు నేల నిచ్చిన రైతుల పేర్లు విమానాశ్రయపు ప్రవేశద్వారమున, మంత్రుల పేర్లకంటె ముందు, చెక్కింపవలెనని నా విన్నపము.

నూతన భవనమును కాకతీయ శిల్పరీతిలో తీర్చిదిద్దవలెనను మాట వినబడుచున్నది. మంచిదే. కీర్తితోరణపు నమూనాను ద్వారమున నిలుపుట సులభము. దానితోపాటు మామునూరు సొంత చరిత్రకును అందు ఒక గది కేటాయింపవలెను. పాత రన్‌వే పటములు, ఆజంజాహీ మిల్లు కార్మికుల జ్ఞాపకములు, నాటి ఉత్తర్వులు, ఛాయాచిత్రములు, ఇవి చెల్లాచెదరుగా పడియున్నవి. వానిని ఎరిగిన తరము కండ్లయెదుట తరలిపోవుచున్నది. కాకతీయ విశ్వవిద్యాలయపు చరిత్రశాఖ ఈ పనికి పూనుకొన్నచో, రన్‌వే సిద్ధమగులోపల గ్రంథమును సిద్ధము కాగలదు. తన చరిత్రను తాను వ్రాసికొనని నగరము గురించి ఇతరులు వ్రాసినదే చరిత్రయగును.

వరంగల్లు ప్రజలకు, వారి ప్రతినిధులకు నాదొక్క మనవి. ప్రారంభోత్సవమునాడు బాజాలు మ్రోగును, పూలవాన కురియును, తొలి విమానమునకు నీటితోరణముతో స్వాగతము పలుకుదురు. ఆనాడు మనమందరము సంతోషింతము. సంతోషింపదగిన దినమే అది. కాని ఆ దినమునకు ముందుగానే మూడు ప్రశ్నలకు వ్రాతపూర్వకమైన సమాధానములను కోరి తీసికొందము: ఆ మూడు గ్రామముల రైతులకు తుదిరూపాయి వరకు సొమ్ము చేరినదా? ములుగునుండి వచ్చు పేదవాడు బస్సుదిగి విమానమెక్కు ఏర్పాటు జరిగినదా? నాలుగవ సంవత్సరమున విమానము ఎగురుటకు డబ్బు ఎచ్చటినుండి వచ్చును? ఈ మూడిటికి సమాధానము లభించిననాడు, బస్సుకిటికీ ప్రక్కన ఆ ముసలమ్మ పలికిన మాట నిజమగును. లభింపని యెడల మనము మరియొక చదును నేలను మన మనుమలకు వదలిపోయినవారమగుదుము. రామప్ప చెరువు క్రింద ఈ యేడును నాట్లు పడినవి. ఎట్లు కట్టవలెనో, ఎట్లు నిలుపవలెనో మనకు చెప్పుటకు ఆ నీరు చాలును.